కాలనీ ఖాళీ స్థలంలో కూరగాయల తోట: అనంతపురం ఎండకు నిలిచేలా ఎలా మొదలుపెట్టాలి

అనంతపురంలో తోట మొదలుపెట్టడం కష్టం కాదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాలుగు వానలు పడితే ఏ గింజ వేసినా మొలుస్తుంది. ఆ తోటను మే నెల దాటించడమే కష్టం. మా కాలనీలో మొదటిసారి మేం చేసిన పొరపాటు అదే. పది సెంట్ల స్థలం చేతికి రాగానే వానాకాలపు ఉత్సాహంలో మొత్తం తవ్వేసి ముప్పై మడులు వేశాం. డిసెంబరు దాకా ఇంటింటికీ కూరలే కూరలు. మార్చిలో సగం మడులు వాడిపోయాయి. ఏప్రిల్ చివరికి రెండు మునగ చెట్లు తప్ప ఏమీ మిగల్లేదు. మడులతో పాటే మనుషులూ ఒక్కొక్కరుగా రావడం మానేశారు. తాము వేసిన మొక్క ఎండిపోతుంటే చూడటానికి ఎవరికి మనసొప్పుతుంది?

అందుకే నేను చెప్పబోయేదంతా ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని మడులకు నీరు పోయగలరో ముందు తేల్చుకోండి. ఎన్ని మడులు తవ్వాలన్నది ఆ తర్వాతి మాట. ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద భాగం జూన్, అక్టోబరు మధ్యే పడిపోతుంది. మిగతా నెలలు తోట మీ బిందెల మీదే బతకాలి.

స్థలం ఎవరిదో కాగితం మీద చూడండి

అందరూ ‘పార్కు స్థలం’ అని పిలుచుకునే చోటు కాగితాల్లోనూ పార్కు స్థలమేనా? మన రాష్ట్ర నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న లేఅవుటులో పదో వంతు స్థలాన్ని ఖాళీగా వదిలి, దానపత్రం రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అంటే అది ప్లాట్లు వేసి అమ్మినవారిదీ కాదు, పక్కింటివారిదీ కాదు. పట్టణంలో అయితే కార్పొరేషన్‌ది, పల్లెలో అయితే పంచాయతీది. లేఅవుటు నకలు కాలనీలో మొదట ఇల్లు కట్టుకున్నవాళ్లలో ఎవరో ఒకరి బీరువాలో తప్పక ఉంటుంది. అది పట్టుకుని వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలవండి. కమిషనర్ పేరిట అర్జీ రాయండి.

అర్జీ ఒక పేజీ చాలు. స్థలం హద్దులు, ఎన్ని సెంట్లు, అందులో ఎంత భాగం వాడుకుంటారు, నీరు ఎక్కడి నుంచి తెస్తారు అన్నవి రాయండి. శాశ్వత కట్టడం ఏదీ కట్టబోమని, అవసరమైనప్పుడు ఖాళీ చేస్తామని స్పష్టంగా పేర్కొనండి. అధికారులకు ఉండే భయం ఒక్కటే, తోట పేరుతో మొదలై గది కట్టి ఆక్రమిస్తారేమోనని. ఆ భయాన్ని మీ అర్జీయే తీర్చాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల సంతకాలు పెట్టించి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాట అనుమతిని నమ్మి కంచె వేయకండి. అధికారి బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

పార్కు స్థలం లేకపోతే బడి ఆవరణ, గుడి స్థలం, ఊళ్లో లేనివారి ఖాళీ ప్లాటు ఏదైనా పనికొస్తుంది. సొంతదారు నుంచి ఏడాదికోసారి రాతపూర్వకంగా ఒప్పందం తీసుకోండి. వంక పోరంబోకు, అంటే వాగు వెంబడి ఉండే ప్రభుత్వ భూమి జోలికి, పెద్ద కరెంటు తీగల కిందికి మాత్రం పోవద్దు. ఒకప్పుడు బ్యాటరీల దుకాణమో మెకానిక్ షెడ్డో ఉన్న చోట తినే పంట వేయవద్దు. ఆ మట్టిలో సీసం ఉండే అవకాశం ఉంది.

ఇంకో మాట. ఆ స్థలంలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే పిచ్‌ను అలాగే వదిలేయండి. తోటకు ఒక మూల చాలు. పిల్లల ఆటస్థలం లాక్కున్న తోటను కాపాడటానికి కాలనీలో ఎవరూ ముందుకు రారు. ఆట దక్కితే ఆ పిల్లలే బంతి కోసం వచ్చి బెండకాయలు కోసి ఇచ్చి వెళ్తారు.

మనుషులు

ఏడుగురు దొరికితే మొదలుపెట్టవచ్చు. 2001 సంఘాల నమోదు చట్టం కింద సంఘంగా నమోదు కావాలన్నా కనీసం ఏడుగురే ఉండాలి. మొదటి ఏడాదిలోనే నమోదు తప్పనిసరి కాదు గానీ, బ్యాంకు ఖాతా తెరవడానికి, కార్పొరేషన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలకు అది బాగా ఉపయోగపడుతుంది.

ఆ ఏడుగురిలో ఎవరెవరు ఉండాలన్నదే అసలు సంగతి. పొద్దున్నే లేచే పెద్దవాళ్లు ఇద్దరు, పల్లెలో సేద్యం చేసి వచ్చినవాళ్లు ఒకరు, లెక్కలు రాసేవాళ్లు ఒకరు కావాలి. కాలనీలో కాపలా ఉండే కుటుంబానికీ, ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లకూ తప్పకుండా మడి ఇవ్వండి. మట్టి గురించి మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, పైగా కూరగాయల ధర పెరిగితే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. అందరి స్థలం అని చెప్పి ఇళ్ల సొంతదారులకు మాత్రమే గేటు తెరిచే తోట నాకు నచ్చదు.

మడులు ఇంటికొకటిగా పంచాలా, అందరూ కలిసి చేసి పంట పంచుకోవాలా అన్న చర్చ తప్పకుండా వస్తుంది. మా అనుభవంలో రెండూ కలిపితేనే నిలిచింది. ఆకుకూరల మడులు ఇంటికొకటి. మునగ, కరివేపాకు, నిమ్మ, పందిరి తీగలు అందరివీ. మూడు వారాలు ఎవరూ పట్టించుకోని మడిని వరుసలో ఉన్న తర్వాతి ఇంటికి ఇచ్చేయాలి. ఈ నియమాన్ని మొదటి సమావేశంలోనే పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి. తర్వాత ఎవరి మడి తీసేయాల్సి వచ్చినా మాట అనేది మీరు కాదు, పుస్తకం.

బిందెల లెక్క

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న మడిని లెక్కకు తీసుకోండి. వెడల్పు అంతకు మించితే రెండు పక్కల నుంచి చెయ్యి చాచినా నడుమకు అందదు. ఇంటి బిందెలో సుమారు 15 లీటర్లు పడతాయి. చలికాలంలో అలాంటి మడికి రోజుకు ఒక బిందె చాలు. ఏప్రిల్, మే నెలల్లో రెండు బిందెలు పోయాలి. అంటే పది మడులకు రోజుకు 300 లీటర్లు. ఇరవై మడులైతే 600.

ఇప్పుడు ఆ 300 లీటర్లు మే నెలలో ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. మున్సిపల్ కుళాయి నీరు తాగడానికి, దాని మీద తోట లెక్క వేయకూడదు. పక్కింటి బోరు ఇస్తామంటే, ఇప్పుడు ఎంత పోస్తుందని కాదు, పోయిన మే నెలలో ఎంతసేపు ఆగకుండా పోసిందని అడగండి. మన ఊరి బోర్లు చాలావరకు ఎండాకాలంలో పది నిమిషాలు పోసి గాలి కక్కుతాయి. అలాంటి బోరు ఉన్నా ఒక వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టుకుని రాత్రంతా కొంచెం కొంచెంగా నింపుకుంటే పని జరుగుతుంది. మూత గట్టిగా ఉండాలి, గాలి గొట్టానికి గుడ్డ కట్టాలి. లేకపోతే దోమలను పెంచిన నింద తోట మీద పడుతుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మడి మీద తెల్లటి పొర కడుతుంది. మట్టితో పాటు ఆ నీళ్లను కూడా ఒకసారి పరీక్ష చేయించండి. ఇళ్లలో ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ, వాటిని మడులకు పోయవద్దు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు భేషుగ్గా పనికొస్తాయి. స్నానాల నీళ్లను అరటి పాదుకు మళ్లించండి, ఆకుకూరలకు వద్దు.

వాన నీటిని తక్కువగా చూడవద్దు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద మన వానకే ఏడాదికి సుమారు 40 వేల లీటర్లు దిగుతాయి. అన్నీ నిల్వ చేయలేం. కానీ పక్క మిద్దె గొట్టాన్ని తోట పై అంచున తవ్విన ఇంకుడు గుంతకు కలిపితే ఆ చుట్టూ నేల చాలా రోజులు తడి ఆరకుండా ఉంటుంది. మునగ, కరివేపాకు నాటాల్సింది అక్కడే.

ఎండాకాలానికి నాకు బాగా నచ్చిన పద్ధతి కుండలు పాతడం. రంగు, నునుపు పూత లేని ఐదు లీటర్ల మట్టికుండలు కొనండి. కొన్నవెంటనే నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. తెల్లారి చేత్తో తడిమితే బయట చల్లగా, చెమ్మగా ఉండాలి. చెమర్చని కుండ మడికి పనికిరాదు. చెమర్చిన కుండను మెడ దాకా మట్టిలో పాతి, నీళ్లు నింపి, మూతి మీద చిన్న బండముక్క పెట్టండి. చుట్టూ జానెడు దూరంలో నాలుగు వంగ మొక్కలో రెండు కాకర తీగలో నాటండి. రెండు మూడు రోజులకోసారి కుండ నింపితే చాలు. పంట అయ్యాక కుండను పెకలించి చూడండి. సన్నని తెల్లటి వేర్లు దాని ఒంటి నిండా వల అల్లినట్టు అతుక్కుని ఉంటాయి. మొక్క నీటిని ఎలా వెతుక్కుంటుందో పిల్లలకు చూపించడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

నేల సిద్ధం చేయడం: మే నుంచి జూలై

మట్టి పరీక్ష ఏప్రిల్‌లోనే చేయించండి. ఎనిమిది పది చోట్ల అరడుగు లోతున ‘వి’ ఆకారంలో గుంత తీసి, గుంత అంచు నుంచి పలచగా మట్టి గీకండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలే దాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో వేసి వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. సందేహాలుంటే ఊరికి దగ్గరలోనే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడగవచ్చు.

కాలనీ ఖాళీ స్థలాల్లో పైన కనిపించేది మట్టి కాదు, ఇళ్లు కట్టగా మిగిలిన ఇటుకముక్కలు, సిమెంటు పెళ్లలు, కింద గరుసు. ఏరివేయడం ఒక ఆదివారంతో అయ్యే పని కాదు, నాలుగు ఆదివారాలు పెట్టుకోండి. ఎర్రనేలకు కావలసింది పశువుల ఎరువు. కొనడానికి వెళ్లేముందు మన సీమ రైతు ఏం చేస్తాడో గుర్తు చేసుకోండి: మే నెలలో పొలంలో గొర్రెల మంద తోలిస్తాడు. మీ కాలనీ ఊరి అంచున ఉంటే మీరూ అదే చేయవచ్చు. కాపరితో మాట్లాడి, రాత్రికింత అని ఒప్పుకుని, రెండు మూడు రాత్రులు మందను ఆ స్థలంలో నిలపండి. మేం చేసిన మొదటి రాత్రి కాలనీలో సగం మంది మిద్దెలెక్కి చూశారు. తెల్లారేసరికి నేలంతా గిట్టలతో గుల్లబారి, పెంటికలు పరచినట్టు పడి ఉన్నాయి. ట్రాక్టరుతో తోలించిన ఎరువు కూడా అంత సమానంగా పడదు.

ఒక్క జాగ్రత్త. ఎండాకాలంలో గొర్రెలు కంపచెట్టు (సర్కారు తుమ్మ) కాయలు తింటాయి, గింజలు అరగకుండా పెంటికల్లో వస్తాయి. తొలి వాన పడ్డ రెండు వారాలకు రెండాకుల కంప మొలకలు కనిపిస్తాయి. అప్పుడే వేళ్లతో పీకేయండి. నెల ఆగితే గునపం పట్టాలి.

ఇక మడులు. ఫోన్లలో కనిపించే వీడియోల్లో నేల మీద ఎత్తుగా పేర్చిన మడులు చూపిస్తారు. అవి వానలు ఎక్కువ పడే ప్రాంతాలకు. మన ఎర్రనేలలో మడి చుట్టూ ఉన్న బాటకంటే నాలుగు వేళ్ల లోతున ఉండాలి. పై అరడుగు మట్టి తీసి పక్కన పోయండి. అడుగున గునపంతో ఇంకో ముప్పావు అడుగు గుల్ల చేయండి. మూడు నాలుగు గంపల చివికిన ఎరువు కలిపి, తీసిన మట్టిలో కొంత తిరిగి వేయండి. మిగిలిన మట్టి బాటలకు ఎత్తు అవుతుంది. అలా చేస్తే పోసిన నీరు, పడిన చినుకు మడిలోనే ఆగుతాయి. సెప్టెంబరులో కుండపోత పడితే నీరు పోవడానికి ఒక మూల చిన్న గండి ఉంచండి. ప్రొద్దుటూరు, నంద్యాల వైపు నల్లరేగడిలో చేసేవారు మాత్రం ఇలా లోతు చేయకూడదు, వేర్లు కుళ్లిపోతాయి. ఏది చేయాలో తేలకపోతే అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి చూడండి. గంట రెండు గంటల్లో ఇంకితే లోతు మడి, మరునాటి దాకా నిలిస్తే మట్టం మడి.

మడి అంచులకు తాడిపత్రి బండల యూనిట్ల దగ్గర మిగిలే నాపరాయి ముక్కలు నిలబెడితే ఏళ్లు నిలుస్తాయి. మిగిలిన ముక్కలను ఒక మూల కుప్ప పెట్టకండి, పాములు చేరేది అలాంటి కుప్పల్లోనే. బాటలు రెండడుగుల వెడల్పున, గడ్డి లేకుండా ఉంచితే పాముల భయంతో వద్దనేవారికి మీరు చెప్పవలసింది ఏమీ ఉండదు.

కంచె తప్పదు. ఆవులు, పందులు, మేకలు ఒక్క రాత్రిలో ఊడ్చేస్తాయి. రాతి కూసాలు పాతి నాలుగడుగుల ఇనుప వల కట్టడమే మేలు. కంప కొట్టి వేస్తే ఖర్చుండదు గానీ పిల్లలు తిరిగే చోట ఆ ముళ్లు వద్దు. కంచె లోపల గోరింట వరుస నాటండి, రెండేళ్లలో అదే కంచె అవుతుంది.

ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి

మొదటి విత్తనం మెంతులు. ఎంపికలో రుచి కంటే ముఖ్యమైన కారణం ఉంది: పాతిక రోజుల్లో కోతకు వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు నెల తిరగకుండా తమ చేత్తో కోసిన కట్ట ఇంటికి తీసుకెళ్తే ఇక మానరు. దాంతో పాటే తోటకూర, గోంగూర. జూలైలో బెండ, మటిక (గోరుచిక్కుడు), అలసంద, పందిరికి బీర, కాకర. వంగ, టమాట, మిరప నారు వేరే పోసుకుని 25, 30 రోజులకు సాయంత్రం పూట నాటండి. అక్టోబరు చివర నుంచి పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, అనప. విత్తనాల పొట్లం కొనేటప్పుడు ఈ అనప దగ్గర జాగ్రత్త. మనకు అనపకాయ అంటే గింజల చిక్కుడు, కోస్తా వైపు అదే మాటకు సొరకాయ అని అర్థం. ఒకసారి మా పందిరి నిండా సొరకాయలే కాశాయి.

మునగను పడమటి అంచున నాటండి. మధ్యాహ్నం మూడు గంటల ఎండను అది వడగట్టి ఇస్తుంది.

బలం కోసం జీవామృతం చాలు. 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవుపేడ, లీటరు ఆవు పంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో రెండు రోజులు ఉంచండి. పొద్దున, సాయంత్రం కర్రతో కలపండి. వారంలోపు వాడేయండి. పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) కనిపిస్తే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. ఆ గింజలు జూన్, జూలైలో మన వేపచెట్ల కింద ఊరికే రాలుతుంటాయి, పిల్లలతో ఏరించి ఆరబెట్టుకోండి.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా

ఇప్పటిదాకా చెప్పింది తేలిక భాగం. ఫిబ్రవరి చివర అందరూ కూర్చుని ఎండాకాలంలో ఏ మడులు సాగాలి, ఏవి నిద్రపోవాలి అని తేల్చండి. బిందెల లెక్కలో పది మడులు తేలితే పదే. నిద్రపుచ్చే మడుల మీద నాలుగు వేళ్ల మందాన వేరుశనగ పొట్టు పరచండి. మన జిల్లాలో మిల్లుల దగ్గర దానికి కొదవ లేదు. సాగే మడుల్లోనూ మొక్కల నడుమ అదే పొట్టు పరిస్తే తడి రెండింతలు నిలుస్తుందని నా చేతి అనుభవం. ఎర్రనేలలో చెదలు పడతాయి కాబట్టి కాండానికి బెత్తెడు దూరం ఉంచి, గుప్పెడు వేపపిండి చల్లండి. ఎండాకాలపు మడుల్లో తోటకూర, బచ్చలి, కుండల చుట్టూ వంగ మాత్రమే ఉంచండి. పైన సగం ఎండ ఆపే నీడవల కట్టండి. నీళ్లు సూర్యోదయానికి ముందో, సాయంత్రం ఆరు తర్వాతో పోయాలి.

మా మొదటి తోట ఎండడానికి నీటి కొరత సగం కారణమే. మిగతా సగం పెళ్లిళ్లు, సెలవులు. మే నెలలో సగం కాలనీ తాళాలు వేసుకుని సొంతూళ్లకు వెళ్తుంది. అందుకే మార్చిలోనే ఏప్రిల్ 1 నుంచి జూన్ 10 వరకు తేదీలు గీసి, ప్రతి రోజుకూ రెండు పేర్లు రాయించండి. ఒకటి పోసేవారిది, రెండోది వారు లేకపోతే పోసేవారిది. ఖాళీగా మిగిలిన తేదీలకు కాపలా కుటుంబాన్ని అడిగి, వాళ్ల శ్రమకు తోట డబ్బులోంచి కూలి ఇవ్వండి. ఉచితంగా చేయమని అడగకండి. ఆ కాగితం గేటుకు కట్టి ఉండాలి, పక్కనే నెలసరి చందా, ఖర్చుల లెక్క కూడా.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రెండు వారాలు ఆకులు మధ్యాహ్నం వాలిపోయినా కంగారుపడి మిట్ట ఎండలో నీళ్లు పోయకండి. సాయంత్రానికి తలెత్తితే మొక్క బాగున్నట్టే. తెల్లారినా వాలి ఉంటేనే దానికి నీరు చాలలేదని లెక్క.

మృగశిర వచ్చి మొదటి గట్టి వాన పడ్డాక, నిద్రపోయిన మడుల మీది పొట్టును చేత్తో పక్కకు జరిపి చూడండి. సగం చివికి, కింద మట్టి నల్లబడి, వానపాములు కనిపిస్తాయి. అవి రెండో ఏటి పంటకు సిద్ధమైనట్టే. మే నెలంతా పచ్చగా నిలిచిన మడులు ఎన్నో లెక్కపెట్టి, వచ్చే ఎండాకాలానికి ఆ సంఖ్యకు రెండు మాత్రమే కలపండి. తర్వాత పుస్తకం తెరిచి, మడి కోసం ఏడాదిగా వరుసలో ఉన్న మొదటి ఇంటివారికి ఫోను చేయండి.